కండోమ్ చిరిగింది: ఏ వ్యాధికి ఎంత భయపడాలి, ఏ పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి?

ప్రశ్న – మల్లెతీగ

నా వయసు 28 సంవత్సరాలు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ అమీర్‌పేటలోని ఒక మహిళల హాస్టల్‌లో ఉంటున్నాను, పెళ్లి కాలేదు. కొన్ని నెలలుగా పరిచయం ఉన్న వ్యక్తితో శనివారం రాత్రి, ఇద్దరి ఇష్టంతోనే, శారీరకంగా కలిశాము. కండోమ్ వాడాము గానీ అది మధ్యలో ఎప్పుడో చిరిగిపోయిందని చివరికి గానీ గమనించలేదు. అంతకుముందు నోటి ద్వారా జరిగినప్పుడు కండోమ్ వాడలేదు. ఆదివారం ఉదయమే మందుల షాపులో అత్యవసర గర్భనిరోధక మాత్ర కొని వేసుకున్నాను కాబట్టి గర్భం గురించిన దిగులు కొంత తగ్గింది. ఈ రోజు సోమవారం; ఇప్పుడు నన్ను పీడిస్తున్నదంతా వ్యాధుల భయమే.

ఆయనను అడిగితే తనకు ఏ జబ్బూ లేదనీ, నిరుడు ఆఫీసులో పెట్టిన శిబిరంలో రక్తదానం చేశాననీ, ఏదైనా ఉంటే అప్పుడే చెప్పేవారు కదా అనీ అన్నారు. నాకు కూడా ఆయన ఒంటి మీద పుండు గానీ పొక్కు గానీ కనిపించలేదు. ఈ మాటను ఎంతవరకు నమ్మవచ్చు? ఇంటర్నెట్‌లో వెతికితే ఒక చోట ప్రమాదం లేనట్టే రాస్తున్నారు, మరొక చోట చదివితే నిద్ర పట్టడం లేదు. నా మనసంతా హెచ్‌ఐవీ మీదే ఉంది. ఇప్పుడే పరీక్ష చేయించుకుంటే తేలిపోతుందా, లేక కొన్నాళ్లు ఆగాలా? ఆగితే ఈలోగా చేయవలసినది ఏమైనా ఉందా? హాస్టల్‌లో గానీ ఇంట్లో గానీ ఎవరికీ తెలియకుండా ఇవన్నీ సాధ్యమేనా? అనుభవమూ అవగాహనా ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు – విశ్రాంత కౌన్సెలర్, సికింద్రాబాద్

మీరు అడిగినవాటిలో చాలా వరకు వారాల మీద తేలే విషయాలు. ఒక్కటి మాత్రం గంటల లెక్కతో ముడిపడి ఉంది కాబట్టి ముందు దాని గురించే రాస్తున్నాను. హెచ్‌ఐవీ సోకే అవకాశమున్న కలయిక జరిగాక 72 గంటలలోపు మొదలుపెడితే ఆ వైరస్ శరీరంలో పాతుకోకుండా అడ్డుకోగల మందులు ఉన్నాయి. ఈ చికిత్సను పెప్ అంటారు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్రను 28 రోజుల పాటు రోజూ తప్పకుండా వేసుకోవాలి. మీ 72 గంటలు మంగళవారం రాత్రితో ముగుస్తాయి. అయితే మంగళవారం దాకా ఆగవచ్చని దీని అర్థం కాదు, ఎందుకంటే ఆలస్యమవుతున్న కొద్దీ ఈ మందుల ప్రయోజనం తగ్గిపోతుంది. ఈ రోజే ఉస్మానియా ఆసుపత్రికో గాంధీ ఆసుపత్రికో వెళ్లి హెచ్‌ఐవీ మందులు ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో అడగండి. అది మూసి ఉన్న వేళ అయితే క్యాజువాలిటీలో చెప్పండి. ప్రభుత్వ కేంద్రాల్లో ఈ మందులు ముఖ్యంగా సూది గుచ్చుకున్న ఆసుపత్రి సిబ్బందికీ లైంగిక దాడికి గురైనవారికీ ఇచ్చే ఏర్పాటు ఉంది. మీ సందర్భంలో అక్కడ ఇవ్వకపోయినా, అవసరమని డాక్టరు భావిస్తే రాసిచ్చిన చీటీతో బయట కొనుక్కోవచ్చు.

ఇంతకీ అది మీకు అవసరమా అన్నది వేరే ప్రశ్న. ఇక్కడ అంకెలు చూస్తే మీ భయం కొంత తగ్గుతుందని నా నమ్మకం. ఎదుటి పురుషుడికి హెచ్‌ఐవీ ఉండి, చికిత్స తీసుకోకుండా ఉండి, కండోమ్ లేకుండా యోని ద్వారా కలిస్తే స్త్రీకి అది సోకే అవకాశం 10,000 కలయికల్లో 8 సార్లు అని అంచనా. నోటి ద్వారా అయితే అంతకంటే చాలా తక్కువ. పాయువు ద్వారా స్వీకరించినవారికి మాత్రం 10,000కు 138 వరకు ఉంటుంది. ఇవన్నీ ఆయనకు హెచ్‌ఐవీ ఉంటే అన్న షరతు మీద చెప్పే అంకెలు. తెలంగాణలో వయోజనుల్లో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు దాదాపు అర శాతం. దేశ సగటుకు ఇది రెట్టింపు కంటే ఎక్కువే. ఆ లెక్కన ఏమీ తెలియని వ్యక్తితో ఒక్కసారి యోని ద్వారా కలిస్తే, సగటు మీద చూసినప్పుడు, పది లక్షలకు నాలుగు అన్న స్థాయికి చేరుతుంది. అయితే సగటు అందరికీ ఒకేలా వర్తించదు. ఆయనకు ఈ మధ్య వేరే సంబంధాలు ఉన్నా, ఇద్దరిలో ఎవరికైనా జననాంగాల మీద పుండు ఉన్నా, ఆయనకు ఈ మధ్యనే కొత్తగా వైరస్ సోకి ఉన్నా ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే డాక్టరు మిమ్మల్ని కొన్ని ఇబ్బందికరమైన ప్రశ్నలు అడుగుతారు. వాటికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వీలైతే ఆయనను కూడా వెంట తీసుకెళ్లి పరీక్ష చేయించండి. ఆయన ఫలితాన్ని బట్టి పెప్ అక్కరలేదని తేలవచ్చు.

గోప్యత గురించి అడిగారు. ఐసీటీసీ అనే ప్రభుత్వ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. పరీక్షకు ముందూ తరువాతా కౌన్సెలర్ మాట్లాడతారు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని మీ అనుమతి లేకుండా ఇతరులకు వెల్లడించకూడదు. మీరు 18 దాటినవారు కాబట్టి తల్లిదండ్రుల సంతకంతో పని లేదు. ముందుగా ఫోన్‌లో మాట్లాడాలనిపిస్తే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు చేయండి. దానికి డబ్బులు పడవు.

జవాబు – గోల్కొండవాసి

రక్తదానం గురించి నాకు తెలిసినది చెబుతాను. మా కాలనీలో శిబిరాలు పెట్టించే పనిలో ఉంటాను. మన దేశంలో దానంగా వచ్చిన ప్రతి రక్తం సంచికీ ఐదు పరీక్షలు తప్పనిసరి: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా. కాబట్టి ఆయన మాటలో కొంత పస ఉంది, కానీ అది నిరుటి సంగతి మాత్రమే. ఆ తరువాత ఆయన జీవితంలో జరిగినదాని గురించి అది ఏమీ చెప్పదు. పైగా దాతకు కబురు రాలేదంటే అంతా బాగుందనుకోవడానికీ వీల్లేదు. ఫోన్ నంబరు మారి ఉండవచ్చు, లేదా కబురు పంపడమే మరచి ఉండవచ్చు. గనేరియా, క్లమీడియా వంటి లైంగిక వ్యాధులు ఆ ఐదింటిలో లేనే లేవు.

నా సలహా అయితే, ముందు జాగ్రత్తగా మందుల షాపులో అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక గ్రాము తెచ్చుకొని వేసేసుకోండి. ఇంటికి వచ్చి రక్తం తీసుకునే ల్యాబులు ఇప్పుడు చాలా ఉన్నాయి కాబట్టి లైంగిక వ్యాధుల పూర్తి ప్యాకేజీ ఒకటి చేయించుకుంటే మనసు కుదుటపడుతుంది.

జవాబు – చర్మ, సుఖవ్యాధుల వైద్యుడు

రక్తదానం గురించి పైన రాసినది సరైనదే. ఆ మాత్ర సలహాను మాత్రం దయచేసి పాటించకండి, అమ్మా. గనేరియా క్రిమి అజిత్రోమైసిన్‌కు చాలా చోట్ల లొంగడం మానేసింది. ఇప్పుడు దానికి ప్రధాన చికిత్స సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్. క్లమీడియాకు వారం రోజుల డాక్సీసైక్లిన్ మేలైనది. మీకు ఏమి సోకిందో, అసలు సోకిందో లేదో తెలియకముందే ఒక మాత్ర వేసుకుంటే, సిఫిలిస్ వంటిది ఉన్నా దాని లక్షణం అణగిపోయి, రోగం లోపలే ఉండిపోయే ప్రమాదం ఉంది. మా ఓపీకి ఇలా సగం సగం మందులు వాడి వచ్చినవారికి రోగ నిర్ధారణ చేయడానికే ఎక్కువ సమయం పడుతుంది.

మీ ప్రశ్నలో ఒక విషయం నన్ను ఆలోచింపజేసింది. మీరు భయపడుతున్నది హెచ్‌ఐవీకి, కానీ మీ సందర్భంలో రాగల అవకాశం ఎక్కువగా ఉన్నవి వేరే ఉన్నాయి. పైన చెప్పిన 10,000కు 8 అన్న అంకె పక్కన దీన్ని పెట్టి చూడండి: గనేరియా, అంటే మన పెద్దలు సెగవ్యాధి అన్నది, పురుషుడికి ఉంటే ఒక్క కలయికలోనే స్త్రీకి సోకే అవకాశం సగం వరకు ఉంటుందని అంచనాలు చెబుతాయి. క్లమీడియా అంత వేగంగా అంటకపోయినా అది మరింత విస్తారంగా ఉన్న జబ్బు. ఈ రెండూ పూర్తిగా నయమయ్యేవే. చిక్కల్లా, ఇవి సోకిన స్త్రీలలో చాలా మందికి ఏ లక్షణమూ కనిపించదు. క్లమీడియా విషయంలో నలుగురిలో ముగ్గురికి ఏమీ తెలియదనే చెప్పవచ్చు. సోకిన పురుషుల్లోనూ చాలా మందికి బయటికి ఏమీ కనిపించదు. కాబట్టి ఆయన ఒంటి మీద పుండు కనిపించలేదన్న ఆధారం మీద ఏదీ తేల్చలేము.

ఒక్కొక్క వ్యాధి బయటపడే కాలం ఒక్కొక్కటి, పరీక్షలో దొరికే కాలం మరొకటి. గనేరియా లక్షణాలు కనిపిస్తే సాధారణంగా వారం లోపే కనిపిస్తాయి: మూత్రంలో మంట, పచ్చని స్రావం, పొత్తికడుపులో నొప్పి. క్లమీడియాకు ఒకటి నుంచి మూడు వారాలు పట్టవచ్చు. ఈ రెండింటికీ, క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే న్యాట్ అనే పరీక్షను కలయిక జరిగిన రెండు వారాల తరువాత చేయిస్తే ఫలితం నమ్మదగినదిగా ఉంటుంది. మూడో రోజునే చేయిస్తే లేదని వచ్చినా దానికి విలువ ఉండదు. సిఫిలిస్, పల్లెల్లో సవాయి అంటారు, సాధారణంగా మూడు వారాల ప్రాంతంలో నొప్పి లేని ఒకే ఒక పుండుగా మొదలవుతుంది. 10 రోజులకే రావచ్చు, 90 రోజులకూ రావచ్చు. నొప్పి ఉండదు కాబట్టి, లోపలి భాగంలో వస్తే కనిపించదు కాబట్టి, స్త్రీలలో అది తరచుగా గుర్తింపుకు రాకుండానే మానిపోతుంది. మానినా రోగం పోయినట్టు కాదు. అందుకే సిఫిలిస్ కోసం చేసే వీడీఆర్ఎల్ రక్తపరీక్షను ఇప్పుడొకసారి, ఆరు వారాలకొకసారి, మూడు నెలలకొకసారి చేయించాలి. అది పాజిటివ్ వచ్చిన వెంటనే కుంగిపోనక్కరలేదు; వేరే కారణాల వల్ల కూడా అలా వస్తుంది కాబట్టి టీపీహెచ్ఏ పరీక్షతో నిర్ధారించుకోవాలి. నిజంగా సిఫిలిస్ అయినా తొలి దశలో బెంజథిన్ పెన్సిలిన్ ఒక్క ఇంజెక్షన్‌తో నయమవుతుంది.

హెచ్‌ఐవీ పరీక్ష ఇప్పుడు చేయించుకుంటే శనివారం నాటి సంగతి అందులో కనిపించదు. అంతకు ముందు ఉన్నది మాత్రమే తెలుస్తుంది. ఆ మొదటి రిపోర్టు అవసరమే, పోలిక కోసం దాన్ని దాచుకోండి. సిర నుంచి తీసిన రక్తంతో ల్యాబులో చేసే నాలుగో తరం పరీక్షలో, వైరస్ ప్రొటీన్‌నూ యాంటీబాడీలనూ రెండింటినీ చూస్తారు. 45 రోజులకు అందులో లేదని వస్తే దాదాపు నిశ్చింతగా ఉండవచ్చు. వేలి కొన నుంచి చుక్క రక్తం తీసి చేసే యాంటీబాడీ పరీక్షకైతే 90 రోజులు ఆగాలి. పెప్ వాడినవారికి ఈ లెక్క మారుతుంది. వారు తమ డాక్టరు చెప్పిన తేదీలే పాటించాలి.

ఇక ప్యాకేజీ గురించి. ఖరీదైన ప్యాకేజీల్లో చాలా వాటిలో నీటి పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్‌కు యాంటీబాడీలు ఉన్నాయా అని చూసే హెర్పిస్ ఐజీజీ అనే పరీక్ష ఉంటుంది. అది పాజిటివ్ వస్తే మీకు జీవితంలో ఎప్పుడో ఆ వైరస్ తగిలిందని మాత్రమే తెలుస్తుంది. చిన్నప్పుడు పెదవి మీద పొక్కులు రావడానికి కారణమైన వైరస్ కూడా అందులో లెక్కకు వస్తుంది. ఎవరి నుంచి, ఎప్పుడు, ఏ భాగంలో అన్నది తేలదు. లక్షణాలు లేనివారికి ఆ పరీక్ష చేయించడం డబ్బు పెట్టి దిగులు కొనుక్కోవడమే అని నా అభిప్రాయం. నీటి పొక్కులు గుంపుగా వచ్చి మంట పుడితే మాత్రం, అవి ఎండిపోకముందే డాక్టరుకు చూపించి పొక్కు నుంచే నమూనా ఇవ్వండి.

హెపటైటిస్ బి విషయంలో మీకు టీకా పడిందో లేదో ఇంట్లో అడిగి చూడండి. ప్రభుత్వ కార్యక్రమంలో ఆ టీకా దేశమంతటా విస్తరించింది 2011 నాటికి గానీ కాదు. మీ వయసువారిలో చాలా మందికి పడి ఉండకపోవచ్చు. పడలేదని తేలితే ఆలస్యం చేయకుండా మొదటి డోసు తీసుకొని, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది పూర్తి చేయండి.

మల్లెతీగ

మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్ననే ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. ఆయన కూడా వచ్చారు. ఐసీటీసీలో ఇద్దరికీ రక్తపరీక్ష చేశారు, ఇద్దరికీ హెచ్‌ఐవీ లేదని వచ్చింది. గత మూడు నెలలకు పైగా వేరే ఎవరితోనూ సంబంధం లేదని ఆయన డాక్టరుకు చెప్పారు. అవన్నీ విని, ఈ పరిస్థితిలో పెప్ అవసరం లేదని డాక్టరు వివరించారు. నాకూ అది సబబుగానే తోచింది. హెపటైటిస్ బి టీకా మొదటి డోసు వేయించుకున్నాను.

ఈ రోజు మిగిలిన పరీక్షల కోసం హాస్టల్‌కు దగ్గరలోని ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళితే, రిసెప్షన్‌లో పదిమంది ముందు పెళ్లయిందా, భర్త పేరేమిటి అని అడిగారు. లోపల డాక్టరు కూడా, లక్షణాలేమీ లేనప్పుడు పరీక్షలు దేనికి అని పంపించేశారు. నిజంగానే అక్కరలేదా? అవసరమైతే ఆ న్యాట్ పరీక్షకు ఏ నమూనా ఇవ్వాలి? ఆయన కూడా చేయించుకోవాలా?

జవాబు – స్త్రీవైద్య నిపుణురాలు

అక్కరలేదన్న మాటతో నేను ఏకీభవించను. లక్షణాలు ఉన్నవారికే చికిత్స చేసే పద్ధతి లైంగిక వ్యాధులను చూసే మన ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో ఉంది; స్రావానికి ఒక రంగు కిట్టు, పుండుకు ఒక రంగు కిట్టు చొప్పున మందులు ఇస్తారు. ల్యాబు సౌకర్యం లేని చోట అది ఎందరికో మేలు చేసిన పద్ధతి. కానీ లక్షణం లేని స్త్రీ ఆ వలలో పడదు. క్లమీడియా గుర్తించకుండా ఉండిపోతే గర్భసంచి, నాళాల దాకా పాకి వాపు తెస్తుంది; నాళాలు మూసుకుపోయి, పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు కలగక మా దగ్గరికి వచ్చేవారిలో కొందరి కథ ఇలాగే ఎప్పుడో చడీచప్పుడు లేకుండా మొదలై ఉంటుంది. గర్భం గర్భసంచిలో కాక నాళంలో నిలిచే ప్రమాదమూ దీనివల్ల పెరుగుతుంది. ఈ ప్రమాదాన్ని ఒక పరీక్షతో, వారం రోజుల మందులతో తప్పించుకోగలిగినప్పుడు ఊరుకోవడం సరికాదు.

నమూనా విషయానికి వస్తే, స్త్రీలకు యోని నుంచి తీసిన స్వాబ్ అన్నిటికంటే మెరుగు. దాన్ని ల్యాబులోని బాత్‌రూమ్‌లో మీ అంతట మీరే తీసుకోవచ్చు. డాక్టరు తీసినదానికి అది ఏమాత్రం తీసిపోదు. కన్యత్వం, పెళ్లి వంటి ప్రశ్నలతో పరీక్షకు వెనకాడే ల్యాబులకు ఇది మంచి జవాబు కూడా. పురుషులకు మూత్రం చాలు, మొదటి ధారను పట్టి ఇవ్వాలి. మీ ప్రశ్నలో నోటి ద్వారా జరిగినదని ఉంది కాబట్టి గొంతు స్వాబ్ కూడా అడగండి. గొంతులో గనేరియా ఉంటే సాధారణంగా నొప్పి కూడా ఉండదు. ల్యాబుకు ఫోన్ చేసినప్పుడు మామూలు కల్చర్ (క్రిమిని ల్యాబులో పెంచి చూడటం) కాదు, క్లమీడియాకూ గనేరియాకూ న్యాట్ లేదా పీసీఆర్ కావాలని స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే మామూలు కల్చర్‌లో క్లమీడియా పెరగదు. ట్రైకోమోనాస్ అనే మరో లైంగిక వ్యాధి క్రిమిని కూడా అదే నమూనాలో చూడగలరేమో అడగండి.

ఆయన తప్పకుండా చేయించుకోవాలి. ఒక్కరికే మందు ఇస్తే జబ్బు మళ్లీ ఇంకొకరి నుంచి తిరిగి వస్తుంది. ఇద్దరి ఫలితాలూ వచ్చేవరకు కలయిక మానుకోండి, లేదా ప్రతిసారీ మొదటి నుంచి కండోమ్ వాడండి. ఏదైనా పాజిటివ్ వస్తే ఇద్దరి చికిత్సా పూర్తయ్యాక కూడా ఏడు రోజులు దూరంగా ఉండాలి. అన్నట్టు, నూనె గానీ వ్యాజెలిన్ గానీ రాస్తే రబ్బరు పాడై కండోమ్ చిరుగుతుంది. అలాంటిది ఏమైనా వాడారేమో గుర్తు చేసుకోండి, జారుడు కోసం నీటితో తయారైన జెల్లీ మాత్రమే వాడాలి.

మాత్ర వేసుకున్న నెలలో బహిష్టు నాలుగైదు రోజులు ముందుకో వెనక్కో జరగడం మామూలే. వారానికి మించి ఆలస్యమైతే మూత్రంతో గర్భ పరీక్ష చేసుకోండి. ఆ మాత్ర గర్భానికే, ఏ వ్యాధినీ ఆపదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణం కాగల హెచ్‌పీవీ అనే వైరస్ గురించి ఎవరూ ప్రస్తావించలేదు: అది చర్మం నుంచి చర్మానికి కూడా అంటుతుంది కాబట్టి కండోమ్ పూర్తి రక్షణ ఇవ్వదు. ఇప్పుడు హడావిడిగా చేయించవలసిన పరీక్ష ఏదీ లేదు. టీకా గురించి మీ డాక్టరుతో మాట్లాడండి, 30 ఏళ్ల నుంచి గర్భాశయ ముఖద్వార పరీక్ష క్రమంగా చేయించుకోండి.

రిసెప్షన్‌లో అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పవలసిన అవసరం లేదు. డాక్టరుతో విడిగా మాట్లాడతానని చెప్పండి. పెళ్లి కాలేదన్న కారణంతో చూడటానికి వెనకాడే చోటికి రెండోసారి వెళ్లవద్దు. ప్రభుత్వ ఆసుపత్రుల చర్మ, సుఖవ్యాధుల ఓపీలో ఈ విషయాలు రోజూ వినేవారే ఉంటారు.

జవాబు – విశ్రాంత కౌన్సెలర్, సికింద్రాబాద్

ఒక్క మాట కలుపుతున్నాను. ఆయన పరీక్షలో లేదని వచ్చింది, మూడు నెలలుగా వేరే సంబంధం లేదన్నారు కాబట్టి మీ హెచ్‌ఐవీ దిగులు చాలా వరకు తీరినట్టే. అయినా ఆ రెండో మాట ఆయన చెప్పినదే తప్ప పరీక్షలో తేలినది కాదు. అందుకని 45వ రోజు దాటాక నాలుగో తరం పరీక్ష, మూడు నెలలకు వీడీఆర్ఎల్ ఇద్దరూ కలిసి చేయించుకోండి. తేదీలను ఇప్పుడే ఫోన్ క్యాలెండర్‌లో ఏదైనా మామూలు పేరుతో రాసుకోండి. మధ్యలో జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, గజ్జల్లో బిళ్లలు, పుండు, మూత్రంలో మంట ఏది కనిపించినా ఆ తేదీల కోసం ఎదురుచూడకుండా వెంటనే వెళ్లండి, శనివారం నాటి సంగతి కూడా చెప్పండి. జ్వరం అనగానే మన ఊళ్లో ముందు డెంగీ, టైఫాయిడ్ పరీక్షలే రాస్తారు. మీరు చెప్పకపోతే ఈ కోణం ఎవరికీ తట్టదు.